మాస్కు చేసే రోజున నువ్వూ అక్కడ ఉండు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

సోమవారం నుంచి కేన్సర్ పేషెంట్లకు రేడియేషన్ లెక్క వేసే రేడియోథెరపీ ప్లానింగ్ రూమ్‌లో చేరుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. మనసు నిండిపోయింది. ఫిజిక్స్ నీకు బాగా వచ్చు, సాఫ్ట్‌వేర్ నాకంటే తొందరగా పట్టేస్తావు కాబట్టి వాటి జోలికి పోను. నేను చేరిన రోజుల్లో కోబాల్ట్ మిషన్ ఉండేది. పేషెంట్ మెడ చుట్టూ సీసపు తీగ వంచి, ఆ ఆకారాన్ని గ్రాఫ్ పేపర్ మీద గీసుకుని, చేత్తో డోసు లెక్క వేసేవాళ్ళం. ఆ పని మనిషిని ముట్టుకోకుండా అయ్యేది కాదు. ఇప్పుడు ముట్టుకోకుండానే అయిపోతుంది. నా భయమంతా అదే.

నీ దగ్గరికి ఎక్కువగా నోటి కేన్సర్లు, గొంతు కేన్సర్లు వస్తాయి. గుట్కా, ఖైనీ, చుట్ట. ఉత్తరాంధ్ర తీరం వైపు నుంచి అడ్డపొగ తాగే పెద్దవయసు ఆడవాళ్ళు కూడా రావచ్చు. చుట్ట నిప్పు కొస నోటి లోపల పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకు పుండు అంగిట్లో మొదలవుతుంది.

వాళ్ళ ప్లాన్ కంప్యూటర్ ముందు మొదలవదమ్మా, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు చేసే బల్ల మీద మొదలవుతుంది. వేడినీళ్ళలో మెత్తబడిన షీటును ముఖం మీదికి లాగేటప్పుడు పక్కనే నిలబడు. మగవాళ్ళను గడ్డం తీయించుకుని రమ్మని ముందురోజే చెప్పించు. ఆడవాళ్ళ చేత కొప్పు విప్పించు. కొప్పు మీద తల ఆనించి మాస్కు చేశామనుకో, మర్నాడు ఆవిడ జుట్టు ఇంకోలా చుట్టుకుని వస్తుంది, మెడ వంపు మారిపోతుంది. మనం ట్యూమర్ చుట్టూ ఇచ్చే 5 మి.మీ. మార్జిన్ దానికి చాలదు. ముక్కుపుడక తీయమంటే కొందరికి కళ్ళనీళ్ళు వస్తాయి. ఎందుకో నెమ్మదిగా చెప్పి, ఇంటివాళ్ళ చేతికే ఇప్పించు. పళ్ళ డాక్టరు చూశారా అని కూడా అప్పుడే అడుగు. పాడైన పళ్ళు రేడియేషన్‌కు ముందే తీసి, మానడానికి టైమ్ ఇవ్వాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకుండా దెబ్బతినే ప్రమాదం ఉంది.

పళ్ళకు లోహపు క్యాపులు ఉంటే సీటీలో చుట్టూ చారలు పడతాయి. కంప్యూటర్‌కు స్కాన్ బొమ్మలో ఒక్కో చుక్కకు ఉండే సీటీ నంబర్ చూసి సాంద్రత తీయడమే తెలుసు. చార పడినచోట కండను గాలి అనుకుంటుంది, లేకపోతే ఎముక అనుకుంటుంది. అక్కడ సాంద్రత నువ్వే సరిచేసి ఇవ్వాలి. సీటీ మీద ఎంఆర్ఐ కలిపేటప్పుడు ఇంకో జాగ్రత్త. అది చాలాసార్లు మాస్కు లేకుండా తీసినదై ఉంటుంది. పుర్రె అడుగున చక్కగా కలిసినా, మెడ దగ్గరికి వచ్చేసరికి తప్పిపోతుంది. ఎక్కడిదాకా నమ్మొచ్చో డాక్టరు ట్యూమర్ గీయకముందే చెప్పు.

ఇక ఏ అవయవానికి ఎంత డోసు పడుతుందో చూపే గ్రాఫ్. వెన్నుపాముకు 45 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాటలేదు, చెవి కింద ఉండే లాలాజల గ్రంథి పరోటిడ్ సగటు 26 గ్రే లోపే ఉంది, అంతా పచ్చగా కనిపిస్తోందని ప్లాన్ మూసెయ్యకు. గ్రాఫ్ ఎంత పడిందో చెబుతుంది కానీ ఎక్కడ పడిందో చెప్పదు. స్లైసు స్లైసూ తిప్పి చూడు. అనుకున్న డోసులో 107 శాతం పడే మచ్చ ట్యూమర్ మధ్యలో ఉంటే ఒక సంగతి, దవడ ఎముక మీద ఉంటే వేరే సంగతి. పరోటిడ్ కోసం ఇంకో అరగంట కూర్చోవాల్సి వస్తే కూర్చో. లాలాజలం ఆగిపోయిన మనిషికి అన్నం ముద్ద నీళ్ళు లేకుండా దిగదు, రాత్రి నోరెండి నిద్ర పట్టదు. అయితే దానికోసం ట్యూమర్ డోసు తగ్గించాలా అన్నది నీ ఒక్కదాని నిర్ణయం కాదు, డాక్టరును పిలిచి చూపించు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. అప్పుడు పనిచేసిన ఆసుపత్రి పేరు వద్దు. రోజుకు 2 గ్రే చొప్పున 35 రోజులు, 70 గ్రే ప్లాన్. చాలా బాగా వచ్చిందని పొంగిపోయాను. నాలుగో వారంలో ఆ పెద్దాయన టెక్నీషియన్‌తో "మాస్కులో తల ఆడుతోంది బాబూ" అన్నాడట. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. వెళ్ళి చూస్తే మాస్కు కింద నా వేలు సులువుగా దూరింది. మింగలేక చిక్కిపోయాడాయన. మళ్ళీ స్కాన్ తీయించి పాత ప్లాన్‌ను దాని మీద వేసి చూశాను. పరోటిడ్‌లు కుంచించుకుపోయి, లోపలికి జరిగి, ఎక్కువ డోసులోకి వచ్చేశాయి. నేను కాపాడానని అనుకున్నది మొదటి రోజు స్కాన్‌లో ఉన్న మనిషిని. ఆ రాత్రే కొత్త ప్లాన్ చేశాను కానీ, ఆ మూడు రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి.

అందుకే వారం వారం బరువు రాయించు. రెండో వారం దాటాక మిషన్ దగ్గరికి వెళ్ళి మాస్కు నువ్వే తడిమి చూడు. టెక్నీషియన్లతో స్నేహంగా ఉండు, పేషెంట్ మాట ముందు వినేది వాళ్ళే. మిషన్ మీదికి వెళ్ళే ప్లాన్‌ను మనిషి బదులు పెట్టే నమూనా ఫాంటమ్‌లో కొలవడం ఎంత పొద్దుపోయినా మానకు.

మొదటి మాస్కు చేసిన రోజున ఫోన్ చెయ్యి తల్లీ. పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య