తుఫానుకి ఇల్లు సిద్ధం చేసుకోవడం: హుద్‌హుద్ చూశాక నా జవాబు

కాకినాడలో మూడో అంతస్తులో కాపురం, చంటిపాప, షుగరు ఉన్న అత్తగారు. తుఫానుల నెలలు వచ్చేలోగా ఇంట్లో ఏం పెట్టుకోవాలని అడిగారు. అన్నిటికన్నా ముందు నీళ్ళండి.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు మేమూ ఇలాగే మూడో అంతస్తులో ఉన్నాం. ముందురోజే కొవ్వొత్తులు, బిస్కెట్లు, కూరగాయలు తెచ్చి పెట్టుకున్నాం. చీకటికి సిద్ధపడ్డాం గానీ కరెంటు పోతే మోటారు ఆడదని, మోటారు ఆడకపోతే కుళాయి రాదని ఎవరికీ తట్టలేదు. సోమవారం సాయంత్రానికి పైన ట్యాంకు అడుగంటింది. రెండు వీధుల అవతల బోరింగు దగ్గర వరసలో నిలబడి, బిందెలు మెట్ల మీదుగా మోసుకొచ్చాం. కరెంటు వచ్చింది ఎనిమిదో రోజున.

అందుకే ఇప్పుడు హెచ్చరిక వినగానే డ్రమ్ములు, బకెట్లే కాదు, కుక్కరు, ఇడ్లీపాత్ర కూడా నింపేస్తాం. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. బాత్రూముకి వేరే.

ఇంకో సంగతి మాకు అస్సలు తెలియనిది: కిటికీలు. స్లైడింగ్ కిటికీ కింద గాడిలో సన్నటి బెజ్జాలుంటాయి చూడండి, గాలి విసురుకి వాన ఆ బెజ్జాల్లోంచి ఫౌంటెన్‌లా పైకి చిమ్మింది. పాత దుప్పట్లు, లుంగీలు కుక్కి, పిండి, మళ్ళీ కుక్కాం. పాత బట్టల మూట ఒకటి పారేయకుండా ఉంచండి. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని కిందకి దిగినవాళ్ళున్నారు. అది తుఫాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. దయచేసి ఆ సమయంలో బయటికి వెళ్ళకండి.

మా అమ్మకీ ఇన్సులినే. ఫ్రిజ్ ఆగిపోయాక ఏం చేయాలో తెలీక ఏడుపొచ్చేసింది. ఫోన్లు లేవు, డాక్టరుని అడిగే దారి లేదు. పక్కింటి పిన్నిగారు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ మట్టికుండలో నీళ్ళు పోసి, సీసాలని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి అందులో ఉంచమన్నారు. వాడకంలో ఉన్న సీసా చాలా రకాల్లో సుమారు నాలుగు వారాలు బయట ఉన్నా పనిచేస్తుంది, ఎండ, వేడి తగలకూడదు. మీ అత్తగారిది ఏ రకమో డాక్టరుని ఇప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి. మందులన్నీ రెండు వారాలకి సరిపడా ఉండాలి. పాపకి పాలపొడి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు మరవకండి.

డబ్బు చేతిలో ఉంచుకోండి, అదీ యాభైలు, వందలుగా. ఏటీఎంలు పనిచేయలేదు, పెద్ద నోటుకి చిల్లర ఇచ్చే కొట్టు లేదు.

మిగతావి మామూలే: టార్చి, పెన్సిల్ సెల్స్, సెల్స్‌తో నడిచే రేడియో, పవర్‌బ్యాంకు, అటుకులు, మరమరాలు, బెల్లం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిప్ కవరులో. కొవ్వొత్తి కన్నా టార్చే మేలు, ఆ గాలికి కర్టెన్లు ఎటు ఎగురుతాయో చెప్పలేం. 112, 108, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించండి. సెల్‌లో ఉన్న నంబర్లు ఛార్జింగ్ అయిపోతే కనపడవు కదండీ, చుట్టాల నంబర్లు కూడా ఆ కాగితం మీదే రాయండి.