సైన్యంలో ఉన్న మా ఊరివాళ్లకు దళం పుట్టినరోజు శుభాకాంక్షలు ఎప్పుడు, ఎలా చెప్పాలి?

ముందు ఆయన ఏ దళంలో ఉన్నాడో ఇంట్లోవాళ్లను అడగండి. సూర్యాపేట, దేవరకొండ దిక్కు అందరినీ ‘మిలిట్రీ ఆయన’ అనేస్తాం కానీ, తేదీలు వేరు.

మూడు దళాల్లో పుట్టినరోజు అనదగ్గది వైమానిక దళానిదే: 1932 అక్టోబర్ 8న ఏర్పడింది. జనవరి 15 ఆర్మీ డే, 1949లో కరియప్ప తొలి భారతీయ సేనాధిపతి అయిన రోజు. డిసెంబర్ 4 నేవీ డే, 1971లో కరాచీ రేవుపై చేసిన దాడికి గుర్తు. ఈ రెండింటికి ‘పుట్టినరోజు’ అని రాయకండి.

ఆర్మీ డే సంక్రాంతిని ఆనుకొని వస్తుంది. రెండూ కలిపి పంపితే పండుగ ఫార్వర్డ్‌ల కింద పోతుంది. విడిగా, రెండు మూడు మాటలు చాలు: “అన్నా, ఆర్మీ డే శుభాకాంక్షలు. నువ్వు, నీ తోటివాళ్లు క్షేమంగా ఉండాలె. ఇంటికాడ అమ్మానాయిన మంచిగున్నరు, ఏ పని పడ్డా మేం చూసుకుంటం.” దూరాన ఉన్నవాళ్లకు ఆ చివరి మాటే పెద్ద ధైర్యం. హోదా కచ్చితంగా తెలియకపోతే వదిలేయండి. హవల్దార్ ఆర్మీలో, సార్జెంట్ వైమానిక దళంలో ఉంటారు.

స్టేటస్‌లో యూనిట్ పేరు, డ్యూటీ చోటు, సెలవు తేదీలు పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి పోతుందో మన అదుపులో ఉండదు.

అమరుల ఇళ్లకు ‘హ్యాపీ’ మెసేజ్ వద్దే వద్దు. 2020లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేటే. అలాంటి ఇళ్లకు స్వయంగా వెళ్లి పలకరించండి.

ఆర్మీవాళ్లకు కార్డు పోస్టు చేస్తే సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్, 56 లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్‌కోడ్ రాయాలి. ఊరి పేరు రాయకూడదు.