పాస్‌వర్డ్‌లు ఎక్కడ దాచుకోవాలి: పుస్తకంలోనా, బ్రౌజర్‌లోనా, యాప్‌లోనా?

పాస్‌వర్డ్‌లు దాచుకునే ఈ మూడు పద్ధతులూ మా ఇంట్లో నడుస్తున్నాయి. అమ్మ పుస్తకంలో రాసుకుంటుంది, తమ్ముడు బ్రౌజర్‌కు వదిలేశాడు, నేను పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ దాచి, లాగిన్ పేజీలో అందించే యాప్) వాడతాను. అమ్మ చేత మాన్పించాలని నేను అనుకోలేదు. ఎక్కడో కూర్చున్న దొంగ బీరువాలోని పుస్తకం చదవలేడు కదా! చిక్కల్లా, చూసి టైపు చేయాలి కాబట్టి చిన్నవి పెట్టుకోవడం, ఒకదాన్నే నాలుగు చోట్ల వాడటం. ఒక సైటు నుంచి పాస్‌వర్డ్ బయటపడితే దాన్ని మిగతా సైట్లన్నిటిలో వేసి చూడటానికి మనిషి అక్కర్లేదు, ప్రోగ్రాములే ఆ పని చేస్తాయి.

నేను మొదట కీపాస్ అనే మేనేజర్ వాడాను. అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం లేనివారు చదవలేని రహస్య రూపంలోకి మార్చిన) ఒక్క ఫైల్‌లో మన దగ్గరే ఉంటాయి. ఫోన్‌లో ఒకటి మార్చి, కంప్యూటర్‌లో ఇంకొకటి మార్చి, ఏ కాపీ కొత్తదో చూసుకోవడం విసుగనిపించి, ఆ మార్పులను అన్ని పరికరాలకూ తానే చేర్చే బిట్‌వార్డెన్ అనే మేనేజర్‌కు మారాను. ఓపిక ఉన్నవారికి కీపాస్‌కు వంక పెట్టను.

మేనేజర్ విలువ నాకు తెలిసింది ఒక నకిలీ పేజీ దగ్గర. నా ఈమెయిల్ ఖాతా ఆగిపోతుందంటూ సందేశం వచ్చింది. లింకు నొక్కితే అచ్చం అసలు లాగిన్ పేజీయే. పేరు రాసే చోట నొక్కితే ఎప్పుడూ కింద కనిపించే నా ఖాతా ఈసారి రాలేదు. పైన చిరునామా చూస్తే ఒక అక్షరం తేడా. మన కళ్లు పేజీని చూస్తాయి, మేనేజర్ చిరునామాను చూస్తుంది. బ్రౌజర్‌లో దాచినా ఈ మేలు దక్కుతుంది. కాకపోతే ఫోన్ లాక్ తెలిసిన ఇంట్లోవాళ్లు అన్నీ చూడగలుగుతారు.

అన్నీ ఒకేచోట పెడితే అదే పోతే? న్యాయమైన భయమే. 2022లో లాస్ట్‌పాస్ అనే మరో మేనేజర్ నుంచి వినియోగదారుల ఖజానాల (పాస్‌వర్డ్‌లు దాచిన ఫైళ్ల) బ్యాకప్ కాపీలు దొంగల పాలయ్యాయి. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి గానీ సైట్ల చిరునామాలు కావు. ఇలాంటప్పుడు ఎవరి ఖజానా నిలుస్తుందో ప్రధానంగా వారి మాస్టర్ పాస్‌వర్డ్‌ను, అంటే ఖజానా తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్‌ను బట్టే ఉంటుంది. నాది పాచికలతో తీసింది: ఐదుసార్లు వేస్తే 7,776 పదాల జాబితాలో ఒక పదం తగులుతుంది, అలా ఆరు పదాలు. పాట పల్లవులు, సామెతలు వద్దు. మనకు తోచినవి ఇంకొకరికీ తోచాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. పాస్‌వర్డ్ తర్వాత అదనంగా అడిగే రెండో అంచె కోడ్‌లు వచ్చే ఫోనే పోతే మన ఖజానాలోకి మనమే వెళ్లలేం. అందుకే మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్ (ఆ ఫోన్ లేకున్నా లోపలికి వెళ్లనిచ్చే కోడ్) కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టాను. అవి ఎక్కడున్నాయో తమ్ముడికి తెలుసు.

అన్నీ ఒకే రోజు మార్చనక్కర్లేదు. ముందు ఈమెయిల్‌ది మార్చండి, మిగతా ఖాతాలను తిరిగి తెరిపించుకునే దారి అదే కాబట్టి. తర్వాత డబ్బు వ్యవహారాలు. మిగిలినవి లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటే చాలు.