కార్డిఫ్ నుంచి ఓ అమ్మ ప్రశ్న: మా వాడు లాన్ బౌల్స్ అంటున్నాడు, చదువు ఏమైపోతుంది?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాయికి పదహారు, జీసీఎస్ఈ (మన పదో తరగతి పరీక్షల్లాంటివి) అయిపోయింది, మూడేళ్లుగా దగ్గర్లోని బౌల్స్ క్లబ్బులో, గడ్డి మీద బంతులు దొర్లించి ఓ చిన్న బంతికి దగ్గరగా ఆపే ఈ ఆట ఆడుతున్నాడు, వేల్స్ తరఫున ఆడతానంటున్నాడు, మీరేమో ఏఐ ఉన్న కంప్యూటర్ సైన్స్ లో చేర్పిద్దామనుకుంటున్నారు, ఏది మంచిదో పోల్చి చెప్పమన్నారు. కానీ చివర్లో "ముసలాళ్ల ఆటండీ, ఇండియాలో చుట్టాలకి చెప్పాలన్నా సిగ్గు" అని రాశారు చూడండి, మీ అసలు బాధ అదే. వాడు క్రికెట్ అనుంటే మీరు నాకు రాసేవారే కాదు.

సిగ్గెందుకమ్మా? 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ లో ఇదే ఆటలో మన ఆడపిల్లలు నలుగురు గోల్డ్ తెచ్చారు. వాళ్లలో లవ్లీ చౌబే అప్పటికి జార్ఖండ్ లో పోలీస్ కానిస్టేబుల్, పింకీ ఢిల్లీలో స్కూల్ పీఈటీ.

ఇక డబ్బు. ఈ ఆట మీదే ఇల్లు గడవడం చాలా కష్టం, ఒలింపిక్స్ లో లేదు, పెద్ద స్పాన్సర్లు రారు, దేశానికి ఆడేవాళ్లలోనే ఎక్కువమంది ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఆడతారు. నాకైతే ఇది మంచి వార్తే, ఎందుకంటే చదువా ఆటా అని ఈ వయసులోనే తేల్చేసుకోవాల్సిన పని లేదు. ఇదే కామన్వెల్త్ గేమ్స్ లో వేల్స్ ఆటగాడు రాబర్ట్ వీల్ 1986లో ఎడిన్‌బరాలో ఫోర్స్ (నలుగురి) టీమ్ తో గోల్డ్ కొట్టాడు, మళ్లీ 2010లో మన ఢిల్లీలోనే సింగిల్స్ గోల్డ్ కొట్టాడు, మధ్యలో 24 ఏళ్లు! వేల్స్ వాడే డానియల్ సామన్ అయితే 2018లో మార్క్ వయాట్ తో, 2022లో జారడ్ బ్రీన్ తో, వరసగా రెండుసార్లు పెయిర్స్ (ఇద్దరి జట్టు) గోల్డ్. ఈ ఆటలో వాడికి బోలెడు టైముంది, కంగారు పడకండి.

నా భయమంతా మీ ఏఐ కోర్సు మీదే. పేరు చూసి చేర్పించి, రెండో ఏడాదికల్లా పిల్లాడు ఫోన్ ఎత్తడం మానేశాక నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎంతమందో. ఆ కోర్సులో గట్టి మ్యాథ్స్ బాగా ఉంటుంది, అది ఇష్టంగా గంటలు గంటలు కూర్చుని చేసేవాడికే పనికొస్తుంది, అయినా మీ వాడికి మ్యాథ్స్ ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, పక్కింటివాళ్ల అబ్బాయి ప్యాకేజీ మాత్రం రాశారు. ఇది తప్పమ్మా.

రోజూ రాత్రి తన బౌల్స్, అంటే ఆ ఆట బంతులు, గుడ్డతో తుడిచి టేబుల్ కింద పెట్టుకుంటాడని విసుగ్గా రాశారు. ఆ బౌల్ తిన్నగా పోదు, చెయ్యి వదిలాక ఓ పక్కకి ఒరుగుతుంది, వేగం తగ్గేకొద్దీ ఇంకా ఒంపు తిరిగి జాక్ అనే ఆ చిన్న తెల్ల బంతి పక్కన వచ్చి ఆగాలి, గడ్డి తడిగా ఉంటే ఒక లెక్క, ఎండితే ఇంకో లెక్క. అంత ఓపికగా లెక్కేసేవాడు చదువు పాడుచేసుకుంటాడని నేననుకోను.

ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) వాడికి నచ్చిన సబ్జెక్టులతో చేయనివ్వండి, యూనివర్సిటీ వేల్స్ లోనే, క్లబ్బుకి వచ్చిపోయేంత దూరంలో చూడండి. మూడేళ్లలో వాడి మ్యాచ్ ఒక్కటీ చూడలేదన్నారు కదా, ఈ శనివారం మీవారిని కూడా తీసుకెళ్లండి. అడుగు చదునుగా ఉన్న బూట్లు లేకపోతే గ్రీన్ (ఆడే పచ్చిక) మీదకి రానివ్వరు, బయట బెంచీ మీద కూర్చోండి, వాడికి కనబడేలా.