గాయకుణ్ణి అనుకరించాం, లీగల్ నోటీసు వచ్చింది

ప్రశ్న: ఒక టీవీ హాస్య కార్యక్రమానికి స్కిట్లు రాస్తుంటాను. ఈమధ్య పేరున్న ఒక గాయకుణ్ణి పోలిన పాత్ర పెట్టాం. పేరు కొంచెం మార్చాం, మొదట్లో ‘పాత్రలన్నీ కల్పితం’ అని వేశాం. మా నటుడు ఆయన గొంతునూ, పల్లవి ఎత్తుకునే ముందు పదేపదే సవరించుకునే అలవాటునూ అనుకరించాడు. ఆయన హిట్ పాట బాణీలో మేం రాసిన పేరడీ పాడాడు. ‘అడ్వాన్సు చేతిలో పడగానే ఈయన గొంతు పోతుంది, డబ్బు మాత్రం తిరిగి రాదు’ అని ఒక డైలాగు కూడా ఉంది. ఇప్పుడు పరువు నష్టం, వ్యక్తిత్వ హక్కులు, కాపీరైటు అంటూ నాకూ చానల్‌కూ నోటీసు వచ్చింది. కోటి రూపాయలు, వారంలో బహిరంగ క్షమాపణ అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు చివర్లో తేలిగ్గా చెప్పేసిన ఆ అడ్వాన్సు డైలాగే మీ స్కిట్‌లోని ముల్లు. దాని సంగతి తరవాత చెబుతాను.

పేరు మార్చడం, ‘కల్పితం’ అని వేయడం మిమ్మల్ని కాపాడవు. చూసినవాళ్లు ‘ఇది ఫలానా ఆయనే’ అని గుర్తుపట్టారా లేదా అన్నదే కోర్టుకు కావాలి. గుర్తుపట్టకపోతే మీ స్కిట్‌కు ఎవరూ నవ్వి ఉండరు కదా!

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. పరువు నష్టం నేరం ఇప్పుడు దాని 356వ సెక్షన్ కిందికి వస్తుంది. అందులోని మినహాయింపుల్లో ఒకటి అచ్చంగా మీ రంగానిదే: ప్రజల ముందు పెట్టిన ప్రదర్శన బాగోగుల మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయం నేరం కాదు. వేదిక ఎక్కిన నటుడు, గాయకుడు తమ నటననూ పాటనూ ప్రజల తీర్పుకు వదిలినట్టేనని చట్టమే ఉదాహరణ ఇస్తుంది. కాబట్టి గొంతు సవరించుకోవడం, సాగదీసిన ఆలాపన, చేతుల ఊపు వంటివాటిని వెక్కిరించినందుకు మీరు జంకనక్కరలేదు.

అయితే అదే సెక్షన్‌లో ఒక వివరణ కూడా ఉంది. వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువు నష్టం కావచ్చునని అది చెబుతుంది. ‘సరదాకి అన్నాం’ అనే జవాబు ఇక్కడ వీగిపోతుంది. ఆయన డబ్బు తీసుకుని ఎగ్గొడతాడన్నది పాట మీద అభిప్రాయం కాదు, ఆయన నడవడి మీద ఆరోపణ. స్కిట్ చూసి ఒక నిర్వాహకుడు ఆయనకు అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడితే ఆ నష్టం నిజమైనదే. మీ దగ్గర ఆధారాలుంటే సంగతి వేరు. ‘పరిశ్రమలో అందరూ అనుకుంటారు’ అన్నది ఆధారం కాదు.

ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు. జరిమానాతోనో సమాజ సేవతోనో సరిపెట్టే వీలూ ఉంది. పోలీసులు నేరుగా అరెస్టు చేసే కేసు కాదిది. ఆయనే మెజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసుకోవాలి. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ప్రసారమైన ఏడాదిలోపు వేయాలి. ఇక కోటి అంటారా, నోటీసులో కోటి రాయడానికి పైసా ఖర్చు లేదు. దావా వేయాలంటే ఆ మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు కట్టాలి. నోటీసుల్లోని కోట్లు కోర్టు గుమ్మం దగ్గర చిక్కిపోవడం నేను చాలాసార్లు చూశాను.

వ్యక్తిత్వ హక్కులంటే తన పేరు, రూపం, గొంతు వంటివాటిని ఇతరులు వాడుకోకుండా ఆపే హక్కులు. ఆ వాదన మీ విషయంలో బలహీనం. దలేర్ మెహందీని పోలిన బొమ్మలు అమ్మిన కేసులో 2010లో ఢిల్లీ హైకోర్టు గాయకుడి పక్షాన తీర్పిచ్చింది. కానీ వ్యంగ్యచిత్రం, పేరడీ వంటివి మామూలుగా ఈ హక్కును ఉల్లంఘించవని అందులోనే చెప్పింది. నటుడు సొంత గొంతుతో చేసే మిమిక్రీ ఆ కోవలోకే వస్తుంది. కృత్రిమ మేధతో ఆయన గొంతును నకలు తీసి వాడి ఉంటే మాత్రం నా జవాబు మారుతుంది. అరిజిత్ సింగ్ కేసులో 2024లో బొంబాయి హైకోర్టు అలాంటి గొంతు నకళ్లను అడ్డుకుంది.

పాట సంగతి మీరనుకున్నంత తేలిక కాదు. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ విమర్శకూ సమీక్షకూ వెసులుబాటు ఇచ్చింది కానీ పేరడీ అనే మాట ఎక్కడా వాడలేదు. పేరడీ ఆ పాటనో, ఆ పాడే తీరునో ఎగతాళి చేస్తే అది విమర్శేనని వాదించవచ్చు. ఊరికే హిట్ బాణీని అరువు తెచ్చుకుని ఇంకేదో చెబితే ఆ వాదన నిలవడం కష్టం. అసలు ఆ బాణీ మీద హక్కు ఆయనదేనా? సినిమా పాటల హక్కులు తరచుగా మ్యూజిక్ కంపెనీ చేతిలో ఉంటాయి. జవాబులో ఆ హక్కు పత్రాలు చూపించమని అడగండి. ఒరిజినల్ ట్రాక్‌నే వెనక వినిపించారా అన్నది మీ ఎడిటర్‌ను కనుక్కోండి. సౌండ్ రికార్డింగుకు వేరే హక్కు ఉంటుంది.

వారం గడువు చట్టం పెట్టింది కాదు, అయినా ఆ లోపే వకీలు చేత జవాబు ఇప్పించండి. స్కిట్ ఇంకా యూట్యూబులో ఉంటే ఆ ఒక్క డైలాగు తీయించండి, అసలు ఫుటేజీని మాత్రం చెరపవద్దు. ‘క్షమాపణ’ అనే మాట మీ చేత్తో రాయకండి, రేపు దాన్నే ఒప్పుకోలుగా చూపిస్తారు. ‘ఆయన నిజాయతీని శంకించడం మా ఉద్దేశం కాదు’ అనే చిన్న వివరణ చాలు.

చానల్‌తో మీ ఒప్పందం కూడా ఒకసారి తీసి చదవండి. రాతవల్ల వచ్చే కేసుల ఖర్చూ పరిహారమూ రచయితే భరించాలని కొన్ని ఒప్పందాల్లో ఒక వాక్యం ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే చానల్ వకీలు మీ తరఫున మాట్లాడతాడని ఆశపడకుండా సొంత వకీలును పెట్టుకోండి.