షెడ్డు ప్రశ్నలు: క్లిప్పు మొండికేస్తే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే జాతివి. మూడింట్లోనూ తగాదా క్లిప్పుతోనే. అందుకని ఏసీ కూలింగు, మైలేజీ ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపి వీటికే చోటిచ్చాను.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో వఫ్రా తోటల్లో డ్రైవరుగా చేస్తున్నాను. కఫీల్ (నన్ను పనిలో పెట్టుకున్న యజమాని) బండి ల్యాండ్ క్రూజర్ 79 పికప్. ముందు యాక్సిల్ నకిల్ (స్టీరింగుతో చక్రం మళ్లే కీలు) దగ్గర గ్రీజు, ఆయిలు కలిసి కారుతుంటే సీలు మార్చుదామని ఎడమ చక్రం విప్పాను. హబ్ మూత వచ్చింది. లోపల షాఫ్ట్ చివర గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు, అదే సర్క్లిప్, మాత్రం రావట్లేదు. ప్లయర్ జారిపోతోంది. స్క్రూడ్రైవర్‌తో లేపితే ఒక కొస పైకొస్తోంది, రెండోది లేపేలోపు మొదటిది మళ్లీ గాడిలో పడుతోంది. ఉలి పెట్టి కొట్టమంటారా?
– ఒక పాఠకుడు, వఫ్రా

జవాబు: వద్దు తమ్ముడూ, ఉలి తిరిగి పనిముట్ల పెట్టెలో పెట్టెయ్. ఆ క్లిప్పు కూర్చున్న గాడి అంచు కాస్త చెదిరినా మొత్తం షాఫ్ట్ మార్చాలి. అప్పుడు కఫీల్‌కి నువ్వు ఏం చెప్తావు?

అసలు అది ఎందుకు రావట్లేదో చూడు. క్లిప్పుకు వెనక హబ్ బాడీ ఉంది. షాఫ్ట్ కొంచెం లోపలికి జారిందంటే క్లిప్పు ఆ బాడీకి ఆనుకుని నొక్కుకుపోతుంది. ఇక నువ్వు ఎంత తెరిచినా అది గాడి గోడను ఒరుసుకుంటూనే ఉంటుంది. ముందు దాని మీది ఒత్తిడి తీయాలి.

షాఫ్ట్ చివర సరిగ్గా మధ్యలో త్రెడ్డున్న కన్నం ఒకటి కనబడుతుంది. గ్రీజుతో మూసుకుపోయి ఉంటే గుడ్డతో తుడిచి చూడు. 8 ఎంఎం బోల్టు అందులో పడుతుంది. కాస్త పొడుగు బోల్టు తీసుకుని చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించి, తలను గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుని నీ వైపు లాగు. షాఫ్ట్ రెండు మూడు ఎంఎం బయటికొస్తుంది. అంతే, క్లిప్పుకు, హబ్‌కు మధ్య సందు కనబడుతుంది. ఈ బోల్టు సంగతి తెలియక షువైఖ్ గ్యారేజీల్లో స్క్రూడ్రైవర్లు విరగ్గొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను. నేనూ అక్కడ పని చేసినవాడినే.

లాగే ముందు చక్రాలు నేరుగా పెట్టు. ట్రాన్స్‌ఫర్ లీవర్ టూ హైలో, అంటే వెనక చక్రాలు మాత్రమే లాగే స్థానంలో ఉండాలి. ఫోర్ వీల్లో వదిలేస్తే షాఫ్ట్ మెలిపడిన బిగువుతో ఉండి ఎంత లాగినా కదలదు. బండిని జాకీ మీద వదలకుండా యాక్సిల్ కింద స్టాండు పెట్టావనే అనుకుంటున్నాను.

ప్లయర్ జారడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని సర్క్లిప్‌లకు కొసల్లో కన్నాలుంటాయి, కొన్నిటికి ఉండవు. కన్నాలు లేనిదానికి సన్నమూతి ప్లయర్ పనికిరాదు. మూతి బల్లపరుపుగా ఉండి, బయటివైపు గీతలు కోసినది కావాలి, పిడి నొక్కితే మూతి తెరుచుకునే రకం. దాంతో తెరిచి పట్టుకుని, ఇంకో మనిషిని వెనకనుంచి పల్చటి స్క్రూడ్రైవర్ దూర్చి ముందుకు తోయమను. ఒక్కడివే అయితే చుట్టూ గుడ్డ కప్పి చెయ్యి. ఎగిరిందంటే ఇసుకలో దొరకదు. కళ్లద్దాలు పెట్టుకోమని చెప్తే అందరూ నవ్వుతారు, అయినా చెప్తున్నాను.

క్లిప్పు వచ్చాక హబ్ బాడీ కూడా మొండికేస్తుంది, కంగారుపడకు. ఆరు నట్లూ తీశాక ఒక్కో స్టడ్డు చుట్టూ కోసుగా, ఒకవైపు చీలిక ఉన్న వాషరు కనబడుతుంది. అది చీలలా బిగుసుకుని ఉంటుంది. నట్టును స్టడ్డు కొసతో సమంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించి, దాని మీద ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. బాడీ అంచు మీద కూడా చుట్టూ తడుతూ రా. వాషర్లు టక్కున పైకి లేస్తాయి. ఇనప కడ్డీ వాడితే మాత్రం స్టడ్డు త్రెడ్డు పోతుంది. మీ తోటల వైపు గాలికి తుప్పు బాగా పట్టి ఉంటే రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్.

తిరిగి బిగించేటప్పుడు వరస తప్పొద్దు. పాత ప్యాకింగు ముక్క ఒక్కటి అంటుకుని ఉన్నా హబ్ బాడీ పూర్తిగా కూర్చోదు, గాడి బయటికి రాదు. అప్పుడు క్లిప్పు చిన్నదైపోయిందని నువ్వు దాన్ని తిట్టుకుంటావు. రెండు ముఖాలూ గీకి, కొత్త ప్యాకింగు వేసి, వాషర్లు పెట్టి, ఆరు నట్లూ ఎదురెదురుగా బిగించు. ఆ తర్వాత మళ్లీ అదే బోల్టు ఎక్కించి షాఫ్ట్‌ను లాగి పట్టుకుని క్లిప్పు వెయ్యి. గాడిలో పడినప్పుడు చిన్న చప్పుడొస్తుంది. దాన్ని నమ్ముకోకుండా స్క్రూడ్రైవర్ మొనతో క్లిప్పును గాడిలోనే గుండ్రంగా తిప్పి చూడు. చుట్టూ తిరిగితే కూర్చున్నట్టు, ఒకచోట ఆగితే అక్కడ బయటే ఉన్నట్టు. చివర్లో హబ్ డయల్ ఫ్రీలో పెట్టి మూత బిగించు.

గ్రీజులో ఆయిలు కలిసిందంటే లోపల యాక్సిల్ ట్యూబు సీలు కూడా పోయినట్టే. బయటి సీలొక్కటే మార్చి మూసేస్తే ఈ పనంతా మళ్లీ చెయ్యాలి.

ప్రశ్న: అయ్యా, మాకు చింతపల్లి దగ్గర కాఫీ తోట ఉంది. ఇసుజు వీ-క్రాస్ 4×4 వాడుతున్నాం. బస్తాలు వేస్తే వెనక బాగా దిగుతోందని కమాన్ కట్టకు (లీఫ్ స్ప్రింగుకు) ఒక పట్టీ అదనంగా వేయించాం. కట్టను పట్టుకునే క్లిప్పులు అందలేదని షెడ్డులో ఒకవైపు గ్యాసుతో కాల్చి సాగదీశారు, రెండోవైపు అసలు వెయ్యనేలేదు. ఘాట్‌లో దిగుతుంటే టకటకమని చప్పుడు. ఇలా నడపొచ్చా?
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వీ-క్రాస్ మన శ్రీసిటీలో తయారైన బండే కాబట్టి మనసులో దానికో మెత్తని చోటుంది నాకు. కానీ ఈ పని చేసినవాళ్ల మీద మాత్రం లేదు. లోడు వేసి నడపకండి, కనీసం ఘాట్‌లో వద్దు.

ఆ క్లిప్పు ఉత్తినే కట్టను అందంగా ఉంచడానికి కాదండీ. బరువు పడినప్పుడు పట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని కలిసే పనిచేస్తాయి. గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. కింది పట్టీలు విడిపోతాయి, మొత్తం లాగుడు పై మెయిన్ పట్టీ ఒక్కదాని మీదే పడుతుంది. అప్పుడు కట్టను కలిపి ఉంచేది ఆ క్లిప్పే. మీకు వినిపించే టకటక పట్టీలు విడిపోయి మళ్లీ తగులుకునే చప్పుడై ఉంటుంది. ఇలాగే వదిలేస్తే ముందు విరిగేది మెయిన్ పట్టీయే. అది విరిగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది. మీ దారిలో పక్కన ఏముందో నేను చెప్పక్కర్లేదు.

కాల్చిన సంగతి దీనికంటే నన్ను ఎక్కువ భయపెడుతోంది. క్లిప్పు మామూలు మెత్తటి ఇనుము, దాన్ని విడిగా తీసి ఎర్రగా కాల్చినా నష్టం లేదు. పట్టీ అలా కాదు. దాన్ని కాల్చి, ఆయిల్లో ముంచి, మళ్లీ కొలత ప్రకారం వేడిచేసి ఆ స్ప్రింగు గుణం తెప్పిస్తారు. క్లిప్పు రివిట్‌తో పట్టీకి అతుక్కుని ఉండగానే గ్యాసు పెడితే ఆ గుణం అక్కడికక్కడ పోతుంది. క్లిప్పు ఉన్నచోట పట్టీని తుడిచి చూడండి. నీలంగానో ఊదాగానో రంగు తిరిగి ఉంటే, పెచ్చులు లేచి ఉంటే ఆ పట్టీ మార్చేయండి. అతుకు వెల్డింగు మాట ఎవరన్నా ఎత్తితే వినకండి.

ఇక అందకపోవడం అంటారా, 8 ఎంఎం పట్టీ చేరితే క్లిప్పు 8 ఎంఎం పొడుగు కావాలి, అందులో వింతేముంది! కమాన్ పనివాళ్ల దగ్గర కొత్త కొలతకు చేయించుకోండి. అనకాపల్లి, విశాఖ దాకా వెళ్లినా ఒక పూట పని. చెవులు వంచే రకం కన్నా బోల్టు రకమే చేయించండి. వంచే రకం రెండుసార్లు విప్పి మడిస్తే మూలలో పగులుతుంది. బోల్టు రకంలో రెండు చెవుల మధ్య బోల్టుకు ఒక గొట్టం ముక్క తప్పకుండా ఉండాలి. నట్టు ఎంత బిగించినా చెవులు పట్టీలను పిండకుండా ఆపేది ఆ గొట్టమే. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి కదా, పిండేస్తే కిర్రుమంటాయి, తర్వాత క్లిప్పు అంచు దగ్గరే విరుగుతాయి. బోల్టు తల టైరు వైపు, నట్టు లోపలివైపు రానివ్వండి. పొడుచుకొచ్చిన బోల్టు కొస టైరును కోస్తుంది.

బిగించే మనిషికి ఒక మాట చెప్పండి. క్లిప్పు విప్పేముందే దానికి రెండువైపులా సీ-క్లాంపులు వేసి కట్టను నొక్కి ఉంచాలి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు కూడా విప్పాల్సి వస్తే ఇది మరీ ముఖ్యం, వంపు తేడా ఉన్న పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుని వేళ్లు తీసేయగలవు. క్లాంపులు బిగించి పట్టీలు పూర్తిగా ఆనుకున్నాక క్లిప్పు చేత్తోనే దిగుతుంది. దిగట్లేదంటే ఇంకా నొక్కాలన్నమాట, సుత్తి అడగకూడదు. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు విప్పితే కొత్తవే వేయించండి, లోడుతో కొంత తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించండి.

ప్రశ్న: విప్పిన సర్క్లిప్‌ను మళ్లీ వాడొచ్చా? మా దగ్గర కొందరు జీఐ తీగ చుట్టి పని కానిస్తున్నారు.
– సూర్యాపేట నుంచి ఒక కుర్ర మెకానిక్

జవాబు: తీగ మాట మర్చిపో. సర్క్లిప్ స్ప్రింగు స్టీలు, గాడిని లోపలికి పట్టుకుని ఉంటుంది. తీగ పట్టుకోదు, ఉంటుందంతే.

పాతది వాడొచ్చు, సాగకపోతే. కొత్తదాని పక్కన పెట్టి చూడు. కొసల మధ్య ఎడం ఎక్కువుంటే, లేదా బల్ల మీద పెడితే ఒకవైపు లేస్తే పారెయ్. గాడిలో వేశాక లొడలొడలాడినా అంతే. కొత్తది కొనేటప్పుడు పాత క్లిప్పు వెడల్పు కాదు, షాఫ్ట్ మందం కొలిచి చెప్పు. షాఫ్ట్ మీదికా, కన్నం లోపలికా అన్నదీ చెప్పాలి, రెండూ వేరే రకాలు.

వేలితో తడిమితే క్లిప్పుకు ఒక ముఖం అంచు నునుపుగా, రెండోది పదునుగా తగులుతుంది. అచ్చు కోసినప్పుడు అలా వస్తుంది. నునుపు ముఖం అది పట్టుకునే పార్టు వైపు, పదును ముఖం బయటికి. తిరగేసి వేస్తే బరువు పడ్డప్పుడు గాడి గోడ మీద నునుపు అంచు జారి క్లిప్పు పైకెక్కుతుంది.