అత్తమ్మ బొమ్మ వేశాను, ఆమె మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని బొమ్మలు వేస్తాను. మామయ్య బతికున్నప్పుడు కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు, అత్తమ్మ ముప్పై ఏళ్లు మగ్గానికి నూలు కండెలు చుట్టింది. ఇప్పటికీ ఊరికే ఉండలేక చుడుతుంది. రాట్నం ముందు వంగిపోయిన ఆమె వీపును కాన్వాస్ మీద వేసి హైదరాబాద్‌లో ప్రదర్శనకు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు, ఒకరు కొంటామన్నారు కూడా. ఆ ఫొటో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. “నా పేదరికాన్ని తీస్కపోయి గోడకు తగిలిచ్చినవా బిడ్డా” అన్నది అత్తమ్మ. మూడు నెలలైంది, మాటల్లేవు. పూలో, సీనరీలో వేసుకోరాదా అంటున్నారు మా ఆయన. నాకు ఇల్లు తప్ప వేరే బొమ్మ రాదు. మానేయాలా?

జవాబు: మానేయొద్దమ్మా. మానేద్దామన్నా మీ చేత కాదు. మీ ఆయన చెప్పినట్టు పూలే వేసినా, అవి మీ వాకిట్లో బంతిపూలే అవుతాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారు బరోడా దాకా పోయి చదువుకున్నారు. చివరికి ఆయనకు పేరు తెచ్చింది మాత్రం ఊళ్లో చూసిన నిండు బొట్టు ఆడవాళ్లే. ఇల్లు తప్ప రాదన్నది లోపమేమీ కాదు.

కానీ ఒక తేడా ఉంది. వైకుంఠం గారి బొమ్మల్లో ఉన్నది ఫలానా ఇంటామె అని చెప్పడం కష్టం. మీ బొమ్మలో ఆ వీపు చూసి తెలిసినవాళ్లంతా పేరు చెప్పేస్తారు. మీకు ఆ వంపులో అందం కనిపించింది. ఆమెకు అది రోజూ రాత్రి జండూబామ్ రాసుకునే నొప్పి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, అప్పుడైనా ఎప్పుడైనా మనం మెచ్చుకునేది నేసినవాళ్లనే. కండెలు చుట్టిన ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. మీరు ఎత్తారు, మంచిదే. అడిగి ఎత్తాల్సింది.

చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు వేసే నకాషీ వాళ్ల ఇళ్లు ఎప్పుడైనా చూశారా? (ఇప్పుడంటే సిద్దిపేట జిల్లాలో కలిసింది గానీ, మొన్నమొన్నటిదాకా చేర్యాల మన వరంగల్ జిల్లాదే.) అక్కడ పటమంటే ఇంటిల్లిపాది పని. చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించేది ఒకరైతే, అందులో సుద్దా జిగురూ కలిపి గుడ్డకు పూత పూసేది ఇంకొకరు, రంగులు నింపేది మరొకరు. పటం మీద ఏముందో ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీ ఇంట్లో చూడండి, ఎవరి బొమ్మ వేశారో వాళ్లకే అందరికంటే చివర తెలిసింది, అదీ ఫోన్లో. రాత్రిపూట వేసే బొమ్మ కాబట్టి అది దొంగబొమ్మ అయిపోయింది. తప్పంతా మీదని అనను. పగలు మీకు చోటూ టైమూ ఎవరిచ్చారు?

అందుకే మీ ఆయన్ని అడగాల్సింది ఏం వేయాలని కాదు, ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లల్ని చూసుకొమ్మని. హాల్లో, అందరూ తిరిగే చోట కూర్చుని వేయండి. టెన్షన్‌గా ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. అననివ్వండి.

ఇక అత్తమ్మతో. బతుకమ్మకు మీ ఆడబిడ్డ ఉంటే వస్తుంది, ఇంకా నలుగురు చేరతారు. ఆలోపే మాట్లాడండి, లేకపోతే పంచాయితీ అవుతుంది. రాట్నం పక్కన కూర్చుని “నిన్ను అడగకుండ వేసిన, తప్పైంది అత్తమ్మా” అనండి, చాలు. నీ గొప్పతనం లోకానికి చూపించాలని వేశానంటూ మొదలుపెట్టారో, అది వాదన అవుతుంది. ఆమె తిడితే తిట్టనివ్వండి, మూడు నెలల మౌనం కంటే తిట్టే నయం.

కొన్నాళ్లు పోయాక, ఈ ఎరుపు పక్కన ఏ రంగు నప్పుతుందని అడిగి చూడండి. ముప్పై ఏళ్లు జంపఖానా చారలు చూసిన కళ్లు, మీ ఆర్ట్ కాలేజీ కంటే బాగా చెప్పొచ్చు. నిజంగా తెలుసుకోవాలని ఉంటేనే అడగండి. మంచి చేసుకోవడానికి అడిగితే ఆమెకు తెలిసిపోతుంది.

ఒక్క మాట మరిచాను. ఆర్ట్ కాలేజీల్లో మోడల్‌గా కూర్చున్నవారికి డబ్బులిస్తారని మీకు తెలిసిందే. మీ అత్తమ్మ ఎన్నాళ్లు కూర్చున్నారో లెక్కేశారా? కొంటామన్నవారికి ఫోన్ చేసి దసరా దాకా ఆగమనండి. ఆమె సరేనంటే అమ్మండి, వచ్చినదాంట్లో ఆమె వాటా ఆమె చేతికే ఇవ్వండి, మీ ఆయన చేతికి కాదు. వద్దంటే కాన్వాస్ ఇంటికి తెచ్చేయండి.